తప్పుకు శిక్షణ, అబద్ధానికి శిక్ష

పోయిన నెల ఖమ్మం నుంచి ఒక తండ్రి ఇలా రాశారు. ఊరు తప్ప మిగతా ఆనవాళ్ళన్నీ తీసేసి, ఆయన సరేనన్నాకే ఇక్కడ వేస్తున్నాను.

"కెప్టెన్ గారికి నమస్కారం. మా వాడు అమెరికాలో పైలట్ కోర్సు చేస్తున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి పంపించాం. మొన్న ఒక్కడే విమానం నడుపుతూ, రన్‌వే ముందు ఆగమన్నచోట ఆగకుండా పసుపు గీత దాటాడట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ టవర్ వాళ్ళు ఒక ఫోన్ నంబరిచ్చి మాట్లాడమన్నారట. వాడు వణికిపోతున్నాడు. నేనైతే 'నువ్వేదీ ఒప్పుకోకు, గీత సరిగా కనబడలేదని చెప్పు' అన్నాను. వాళ్ళమ్మేమో 'అంతా చెప్పేసి క్షమించమని అడుగు నాన్నా' అంటోంది. మా ఇద్దరిలో ఎవరి మాట వినమంటారు?"

నేను కెప్టెన్‌ని కాను. టెక్సాస్‌లో చిన్న విమానాలు నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని. ఎన్నిసార్లు చెప్పినా పాఠకులు కెప్టెన్ గారనే అంటారు, నేనూ దిద్దడం మానేశాను. ఈ ఉత్తరానికి మాత్రం అదే రోజు జవాబు రాశాను. ఎందుకంటే ఇందులో పది రోజుల గడువొకటుంది. అది దాటిపోతే ఎంతమంది ఎన్ని చెప్పినా లాభం లేదు. ఆ సంగతి నాకెలా తెలుసో కాసేపట్లో చెప్తాను.

ముందు ఆ దంపతుల తగువు తీరుద్దాం. తండ్రి మాటలో సగం రైటు, తల్లి మాటలో సగం రైటు. తొందరపడి ఏదీ ఒప్పుకోవద్దన్నది రైటే. గీత కనబడలేదని చెప్పమనడం మాత్రం కొంప ముంచే సలహా. నిజమే చెప్పమన్న తల్లి మాట బంగారం. కానీ ఆ నిజాన్ని భయంలో, ఎవరికి పడితే వాళ్ళకి, అప్పటికప్పుడు ఫోన్లో కుమ్మరించడం వేరు. మన పెద్దవాళ్ళు కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అన్నది ఈ కుర్రాడి కోసమే అన్నారేమో అనిపిస్తుంది. గీత దాటింది కాలు. ఇంక నోరు జారకూడదు.

నేను జారిన రోజు

2009లో సంగతి. ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి అప్పటికి ఏడాది. నా పక్క సీట్లో గుంటూరు జిల్లా కుర్రాడు. సెస్నా 172లో రన్‌వే వైపు వెళ్తున్నాం. గ్రౌండ్ కంట్రోలర్ రన్‌వే ముందు ఆగమన్నాడు. నేను గాల్లోకి వెళ్ళాక చేయబోయే పాఠం గురించి ఏకధాటిగా చెప్పుకుపోతున్నాను. గీత దాటేశాం. దిగడానికి వస్తున్న విమానం మమ్మల్ని చూసి మళ్ళీ పైకి లేచిపోయింది. టవర్ నుంచి ఫోన్ నంబరు చదివారు.

విమానం నిలిపి, ఇంజన్ ఆపి, హెడ్‌సెట్ మెడలోంచి తీయకుండానే ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. అవతలాయన అడిగింది రెండే ప్రశ్నలు, నేను చెప్పింది ఇరవై జవాబులు. ఆగమన్న మాటను నేను తిరిగి చెప్పానన్నాను. గీత ముందు ఆగామన్నాను. ఆగాక కుర్రాడు బ్రేక్ వదిలేశాడన్నాను.

తర్వాత టేపు విన్నారు. ఆగమన్న మాటను మేం తిరిగి చెప్పనే లేదు. కుర్రాడు 'రోజర్' అన్నాడు, అంతే. విమానం ఎక్కడా ఆగలేదు.

నేను అబద్ధమాడాలని ఆడలేదు. ఇది నమ్మడం మీకు కష్టమే, ఆ ఇన్‌స్పెక్టర్‌కీ కష్టమే అయ్యింది. రోజుకి పదిసార్లు చేసే పని కాబట్టి, ఆ రోజూ చేశాననే మనసు ఖాళీలు నింపేసింది. భయంలో ఉన్న మనిషి బుర్ర అలాగే పనిచేస్తుంది. గుర్తున్నదీ, జరిగి ఉండాల్సిందీ కలిపేసి ఒకే సినిమాగా చూపిస్తుంది. మనం దాన్నే ప్రమాణం చేసి మరీ చెప్తాం.

కొన్నాళ్ళకి ఎఫ్‌ఏఏ, అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. దానికి మూడు పేజీల జవాబు రాశాను. ఫోన్లో చెప్పిన కథే, ఇంకొంచెం నగిషీలు చెక్కి. అప్పుడు మా స్కూల్లో ఒక పెద్దాయన అడిగాడు, "నాసా ఫారం వేశావా?" అని. ఏం ఫారం అన్నాను. అప్పటికి సంఘటన జరిగి 19 రోజులు.

నా లైసెన్స్ 30 రోజులు సస్పెండ్ చేశారు. నెల జీతం పోయింది. విద్యార్థులు వేరే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ తర్వాత అవేవీ బాధ పెట్టవు. బాధ పెట్టేది వేరొకటి, చివర్లో చెప్తాను.

ఆ ఫోన్ నంబరు కథేమిటి?

నియమం తప్పి ఉండొచ్చని అనుమానం వస్తే, ఆ సంగతి పైలట్‌కి అప్పుడే చెప్పడం అమెరికాలో కంట్రోలర్ విధి. 'పాసిబుల్ పైలట్ డీవియేషన్' అనే మాట అని, నంబరు ఇస్తారు. చెప్పకపోతే ఎప్పుడో నెల తర్వాత ఉత్తరం వచ్చేసరికి పైలట్‌కి ఏమీ గుర్తుండదు కదా. జ్ఞాపకం వేడిగా ఉండగానే రాసుకోవడానికి అదొక హెచ్చరిక. చాలామంది దాన్ని పోలీస్ స్టేషన్‌కి రమ్మన్న పిలుపులా వింటారు. ఇది పోలీసు కేసు కాదు. లైసెన్స్‌కి సంబంధించిన విచారణ.

ఆ మాట వినగానే చేయాల్సిన మొదటి పని ఏమిటంటే, విమానం నడపడం. నవ్వకండి. చేసిన తప్పు గురించి ఆలోచిస్తూ రెండో తప్పు చేసినవాళ్ళు బోలెడంత మంది. నంబరు రాసుకో, సరేనను, విమానాన్ని క్షేమంగా దించి పార్కింగ్‌లో నిలుపు. మిగతావన్నీ తర్వాత.

రెండో పని, నీళ్ళు తాగి కాగితం తీయడం. సమయం, వాతావరణం, రేడియోలో విన్నది, తాను అన్నది, చేతులు ఎక్కడున్నాయి, కళ్ళు ఎక్కడున్నాయి, అన్నీ రాసుకోవాలి. గుర్తులేని చోట 'గుర్తులేదు' అని రాయాలి. నా మూడు పేజీల్లో ఆ ఒక్క మాట ఎక్కడా లేదు. ఈ కాగితం తన కోసం, తన లాయర్ కోసం. వాట్సాప్ గ్రూపు కోసం కాదు.

ఆ నంబరుకి తప్పనిసరిగా ఫోన్ చేయాలన్న చట్టం లేదు. చేయొద్దనీ నేను చెప్పను. మర్యాదగా పలకరిస్తే చాలాసార్లు విషయం తేలిక పడుతుంది. అయితే ఆ లైన్లో మాటలు రికార్డవుతాయని గుర్తుంచుకుని చేయాలి. పేరు చెప్పాలి, విషయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదని చెప్పాలి, వివరాలు సరిచూసుకుని చెప్తాననాలి. రెండు నిమిషాలు చాలు. ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఉంటే ఇంకా మంచిది. ఒంటరిగా విమానం నడిపినప్పుడు విద్యార్థే పైలట్ ఇన్ కమాండ్. కానీ వాడిని పంపించే ముందు లాగ్‌బుక్‌లో సంతకం పెట్టింది ఇన్‌స్ట్రక్టర్. ప్రశ్నలు ఆయన దాకా కూడా వస్తాయి.

పది రోజుల కాగితం

ఇప్పుడు నాసా సంగతి. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన నాసాకీ, పసుపు గీత దాటిన ఖమ్మం కుర్రాడికీ ఏమిటి సంబంధం?

1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ సంస్థ బోయింగ్ 727 ఒకటి వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో దిగడానికి వస్తూ వర్జీనియాలో ఒక కొండను ఢీకొంది. ఉన్న 92 మందీ పోయారు. దిగడానికి అనుమతి వచ్చింది కదా అని, కొండ దాటకముందే బాగా కిందికి దిగారు. తర్వాత బయటపడ్డ సంగతి ఇంకా ఘోరం. సరిగ్గా అదే చోట, అదే పొరపాటు, కొద్ది వారాల ముందు యునైటెడ్ సంస్థ పైలట్లు చేశారు. త్రుటిలో తప్పించుకున్నారు. తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లకి హెచ్చరిక ఇచ్చింది. పక్క కంపెనీకి ఆ ముక్క చేరలేదు.

తప్పు చేసినవాడు నోరు విప్పితే ఇంకొకడు బతుకుతాడు. కానీ శిక్షించే వాడి దగ్గరికే వెళ్ళి నోరు విప్పమంటే ఎవడు విప్పుతాడు? ముందు ఎఫ్‌ఏఏ తానే ఒక పథకం పెట్టి చూసింది, పైలట్లు నమ్మలేదు. అందుకని లైసెన్స్ పీకే అధికారం లేని నాసా చేతికి 1976లో ఆ పని అప్పగించారు. ఏఎస్‌ఆర్‌ఎస్ అంటారు. జరిగింది రాసి పంపితే నాసా పేరూ ఊరూ చెరిపేసి, పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతుంది. తేదీ ముద్ర వేసిన చీటీ మనకి తిప్పి పంపుతుంది. ఆ చీటీయే మన రుజువు.

దానికి ప్రతిఫలం ఒకటుంది. సంఘటన జరిగిన పది రోజుల్లోపు ఫారం వేస్తే, తర్వాత ఎఫ్‌ఏఏ విచారణలో నియమం తప్పినట్టు తేలినా, ఆ సస్పెన్షనో జరిమానానో అమలు చేయరు. తప్పు రికార్డులో ఉంటుంది, శిక్ష ఉండదు. షరతులున్నాయి. తప్పు కావాలని చేసింది కాకూడదు. గత అయిదేళ్ళలో అలాంటి నేరం రుజువై ఉండకూడదు. క్రిమినల్ వ్యవహారమైనా, ప్రమాదమైనా ఈ రక్షణ లేదు. పైగా అలాంటివి రాస్తే నాసా పేరు చెరపకుండానే సంబంధిత శాఖకి పంపించేస్తుంది. కాబట్టి విమానం దెబ్బతిన్నా, ఎవరికైనా గాయమైనా ముందు లాయర్, తర్వాతే కలం.

ఫారం ఖర్చు లేదు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో నింపొచ్చు. 2009లో నేను ఆ పది రోజులూ నా కథకి నగిషీలు చెక్కుతూ గడిపాను.

ఉత్తరం వస్తే

కొన్ని వారాలకి 'లెటర్ ఆఫ్ ఇన్వెస్టిగేషన్' వస్తుంది, లేదా ఇన్‌స్పెక్టర్ నేరుగా ఫోన్ చేస్తాడు. నా కాలానికీ ఇప్పటికీ ఇక్కడ పెద్ద తేడా వచ్చింది. దానికి కారకుడు ఒక సెనేటర్. ఓక్లహోమాకి చెందిన జిమ్ ఇన్‌హోఫ్ స్వయంగా పైలట్. 2010 అక్టోబరులో టెక్సాస్‌లో ఒక చిన్న విమానాశ్రయంలో మూసేసిన రన్‌వే మీద దిగాడు. అక్కడ కూలీలు పనిచేస్తున్నారు. ఆయన మీదా విచారణ జరిగింది. అదనపు శిక్షణతో సరిపెట్టారు. ఆ అనుభవంతో ఆయన తెచ్చిన చట్టమే 2012లో వచ్చిన 'పైలట్స్ బిల్ ఆఫ్ రైట్స్'. తప్పు చేసిన సెనేటర్ తన పరపతి వాడుకున్నాడని తిట్టినవాళ్ళూ ఉన్నారు. తిట్టనీండి. ఆ చట్టం వల్ల సామాన్య పైలట్‌కి ఒరిగింది మాత్రం చాలా ఉంది.

దాని ప్రకారం విచారణ మొదలైందని ఎఫ్‌ఏఏ పైలట్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. దేని గురించో చెప్పాలి. ఉత్తరానికి జవాబు ఇవ్వడం తప్పనిసరి కాదనీ, ఇవ్వనంత మాత్రాన దోషిగా భావించరనీ, ఇస్తే అది తనమీదే సాక్ష్యం కావచ్చనీ చెప్పాలి. టవర్ టేపులు, రాడార్ రికార్డులు అడిగి తీసుకునే హక్కు పైలట్‌కి ఉంది. నేను మూడు పేజీలు రాసేముందు ఆ టేపు విని ఉంటే!

అందుకని ఉత్తరం చేతికొచ్చాక వరస ఇది. గడువు తేదీ గోడ మీద రాసుకో. విమానయాన చట్టం తెలిసిన లాయర్‌కి చూపించు. ఇళ్ళ రిజిస్ట్రేషన్ లాయరో, వీసా లాయరో పనికిరారు. పైలట్ల సంఘం ఏఓపీఏలో ఏటా కొద్ది డబ్బు కడితే ఇలాంటప్పుడు న్యాయసహాయం దొరికే పథకం ఉంది. విద్యార్థులు కూడా చేరొచ్చు. సంఘటన అయ్యాక చేరితే ఆ సంఘటనకి పనికిరాదు, ఇన్సూరెన్స్‌లాగే. ఆ తర్వాత టేపు తెప్పించుకుని విను. అప్పుడు జవాబు ఇవ్వాలా, వద్దా, ఇస్తే ఎంత అన్నది నిర్ణయించుకో.

ఇన్‌స్పెక్టర్ ఎదురుపడి లైసెన్స్, మెడికల్ చూపించమంటే చూపించాలి. అది చట్టం. వాదించకూడదు. చూపించడం వేరు, అప్పగించేయడం వేరు. భయపడి "తీసుకోండి సార్" అని చేతిలో పెట్టేసి వచ్చిన కుర్రాణ్ణి నేనెరుగుదును.

ఇంక లాగ్‌బుక్. దీని గురించి గొంతు పెంచి చెప్తాను. సంఘటన తర్వాత లాగ్‌బుక్‌లో ఒక్క అక్షరం మార్చొద్దు. మర్చిపోయిన గంట కలపొద్దు. ఇన్‌స్ట్రక్టర్ సంతకం పాత తేదీతో పెట్టించుకోవద్దు. గీత దాటినందుకు మహా అయితే కొన్నాళ్ళ సస్పెన్షన్. లాగ్‌బుక్‌లో దొంగరాత దొరికితే ఉన్న లైసెన్స్‌లన్నీ రద్దు. మామూలుగా ఏడాది దాకా మళ్ళీ దరఖాస్తు చేయడానికే వీల్లేదు. ఆ తర్వాత ఓనమాల నుంచి మొదలు.

మారిన గాలి

2015లో ఎఫ్‌ఏఏ తన పద్ధతిని బాహాటంగా మార్చుకుంది. తెలియక, ఏమరుపాటులో తప్పు చేసి, ఒప్పుకుని, దిద్దుకోవడానికి సిద్ధంగా ఉన్న పైలట్‌ని శిక్షించే బదులు శిక్షణ ఇచ్చి వదిలేయడం అనే విధానం తెచ్చింది. దాన్ని 'కంప్లయన్స్ యాక్షన్' అంటారు. అది శిక్షల రికార్డులోకి ఎక్కదు. తెలిసి చేసినవాడికీ, నిర్లక్ష్యంగా చేసినవాడికీ, అబద్ధం చెప్పినవాడికీ ఆ తలుపు మూసే ఉంటుంది.

అందరికీ తెలిసిన ఉదాహరణ హారిసన్ ఫోర్డ్. మన టీవీల్లో తెలుగులో మాట్లాడే ఇండియానా జోన్స్ ఆయనే. 2017 ఫిబ్రవరిలో, 74 ఏళ్ళ వయసులో, కాలిఫోర్నియాలోని జాన్ వేన్ విమానాశ్రయంలో రన్‌వే అనుకుని పక్కనున్న టాక్సీవే మీద దిగాడు. దిగుతూ, ప్రయాణికులతో నిండి ఆగి ఉన్న బోయింగ్ 737 మీదుగా వెళ్ళాడు. ఎంత పెద్ద తప్పో ఆలోచించండి. తర్వాత టవర్‌కి ఫోన్ చేసి, టాక్సీవే మీద దిగిన మొద్దబ్బాయిని నేనేనన్న అర్థం వచ్చేలా చెప్పుకున్నాడు. ఆ ఫోన్ సంభాషణ తర్వాత లోకమంతా విన్నది. రికార్డవుతుందని నేను ఊరికే చెప్పలేదు. ఎఫ్‌ఏఏ ఆయన్ని శిక్షించలేదు. శిక్షణతో సరిపెట్టి ఫైలు మూసేసింది. సినిమా స్టార్ కాబట్టి అంటారా? అదే విధానం కింద నా కళ్ళముందు ఎందరో మామూలు విద్యార్థులు గంటా రెండు గంటల పాఠంతో బయటపడ్డారు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. ఒకవైపు నోరు జారొద్దంటావు, మరోవైపు ఒప్పుకున్నవాడికే శిక్షణ అంటావు, ఏది నిజం? రెండూ నిజమే. ఒప్పుకోవడానికి తొందర లేదు, ఒప్పుకునేది నికరంగా ఉండాలి. ఫోర్డ్ తాను చేసింది చెప్పాడు, తెలియనిది అల్లలేదు. నేను చేసింది చెప్పలేదు, జరగనిది అల్లాను. తేడా అంతే. మాట్లాడకపోవడం హక్కు. అబద్ధం ఆడడం హక్కు కాదు. ఈ రెంటి మధ్యా ఉన్న గీత కూడా పసుపు గీతలాంటిదే. దాటేదాకా తెలీదు.

మన దగ్గర

ఈ కుర్రాళ్ళలో చాలామంది రేపు ఇండియా వచ్చి ఇక్కడి లైసెన్స్ తీసుకుంటారు. అక్కడి అలవాట్లు ఇక్కడ యథాతథంగా పనికిరావు. నాసా ఫారం అమెరికాకే చెల్లు. మన దగ్గర ప్రమాదాలనూ, తీవ్రమైన సంఘటనలనూ విచారించేది ఏఏఐబీ. 2012లో పెట్టారు. లైసెన్స్ ఇచ్చేదీ, షోకాజ్ నోటీసు పంపేదీ, సస్పెండ్ చేసేదీ డీజీసీఏ. రెండూ వేరు. ఎదురుగా కూర్చున్నాయన ఏ సంస్థ నుంచి వచ్చాడో మొదట తెలుసుకోవాలి. ఒకరు ఎందుకు జరిగిందని అడుగుతారు, ఇంకొకరు ఎవరు చేశారని అడుగుతారు. ప్రశ్న ఒకేలా వినిపిస్తుంది.

ఏఏఐబీ విచారణాధికారి పిలిస్తే వెళ్ళాలి, సమాధానం చెప్పాలి. అమెరికాలో ఉత్తరానికి జవాబివ్వకుండా ఉన్నట్టు ఇక్కడ ఉంటానంటే కుదరదు. విమానం దిగాక వాయిస్ రికార్డర్ జోలికి వెళ్ళకూడదు. చాలా విమానాల్లో అందులో చివరి రెండు గంటల మాటలే ఉంటాయి కాబట్టి, చెరిగిపోకుండా కాపాడించాలి. బ్రెత్ అనలైజర్ పరీక్ష అడిగితే తప్పించుకోకూడదు. డీజీసీఏ నోటీసుకి గడువులోగా, రాతలో, ఆధారాలతో జవాబివ్వాలి. కంపెనీ పెద్దలు "మేం చూసుకుంటాంలే, ఇక్కడ సంతకం పెట్టు" అంటే చదవకుండా పెట్టకూడదు. కంపెనీ క్షేమం, పైలట్ క్షేమం అన్నిసార్లూ ఒకటి కావు.

అంతర్జాతీయ విమానయాన నియమాల్లో 13వ అనుబంధం ఉంది. ప్రమాద విచారణ ఏకైక లక్ష్యం మళ్ళీ జరగకుండా చూడడమే, ఎవరి మీదో నింద వేయడం కాదు అంటుంది. ఇండియా కూడా దానికి కట్టుబడిందే. కానీ జనం ఊరుకుంటారా? 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మంది ప్రాణాలు పోయాయి. నెలకి ప్రాథమిక నివేదిక వచ్చింది. అందులో ఉన్న కాక్‌పిట్ మాటలు రెండే వాక్యాలు, అవీ ఎవరు అన్నారో చెప్పకుండా. ఆ రెండు వాక్యాల మీద టీవీల్లో, ఫోన్లలో తీర్పులు ఇచ్చేశారు. కొడుకుని పోగొట్టుకున్న కెప్టెన్ తండ్రి తొంభై దాటిన వయసులో సుప్రీంకోర్టు మెట్లెక్కితే, మీ అబ్బాయిని ఎవరూ తప్పుపట్టలేరని ఆ నవంబరులో న్యాయమూర్తులు ఓదార్చాల్సి వచ్చింది. బతికి ఉన్న పైలట్ అయితే తన మాట తాను చెప్పుకోగలడు. అందుకే ఆ మాట జాగ్రత్తగా చెప్పుకోవాలంటున్నాను.

చివరి మాట

ఖమ్మం కుర్రాడు మూడో రోజునే నాసా ఫారం వేశాడు. ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని టవర్‌కి ఫోన్ చేశాడు. ఇది రాసే సమయానికి ఎఫ్‌ఏఏ నుంచి ఇంకా ఏ కబురూ లేదు. "ఏం కాదు కదా సార్?" అని తండ్రి మళ్ళీ అడిగారు. ఏం కాదని నేను మాట ఇవ్వలేను. అయినా చేతిలో తేదీ ముద్ర ఉన్న చీటీ ఉంది, నోట్లో అబద్ధం లేదు. ఇంతకంటే మంచి స్థితిలో ఒక పైలట్ ఉండలేడని మాత్రం రాశాను.

నా గుంటూరు కుర్రాడి సంగతి చెప్తానన్నాను. నేను ఫోన్లోనూ ఉత్తరంలోనూ బ్రేక్ వదిలింది వాడేనని చెప్పానని వాడికి నా నోటి ద్వారా తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ వాణ్ణి పిలిచి అడిగినప్పుడు తెలిసింది. వాడు నన్నేమీ అనలేదు. "సార్, మనం ఆగలేదు కదా?" అని మాత్రం అడిగాడు. తర్వాత వారం వేరే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చేరాడు. ఇప్పుడు ఇండియాలో ఒక ఎయిర్‌లైన్స్‌లో పనిచేస్తున్నాడు. సంక్రాంతికి, పుట్టినరోజుకి మెసేజ్ పెడతాడు. ఆ సంగతి మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. 30 రోజుల సస్పెన్షన్ 31వ రోజున అయిపోయింది. ఇది అవలేదు.

ఖమ్మం కుర్రాడు ఫారంలో ఏం రాశాడో వాళ్ళ నాన్న నాకు పంపించారు. నాలుగే వాక్యాలు. ఆగమన్నారు. సరేనని తిరిగి చెప్పాను. తల దించి చెక్‌లిస్ట్ చూసుకుంటున్నాను. తలెత్తేసరికి గీత నా వెనక ఉంది.

నేను మూడు పేజీలు రాశాను.